ఎడమవైపు గీత

మొక్పో,
ఫిబ్రవరి 21, బుధవారం.

అమ్మకు,

నీ హేరిమ్ నమస్కారాలతో రాస్తున్నది. ఇక్కడ నాన్నా నేనూ క్షేమం. జేజు దీవిలో నువ్వూ అమ్మమ్మా క్షేమంగా ఉన్నారనీ, విరిగిన తుంటి అతుక్కోకముందే అమ్మమ్మ సముద్రంలో గుల్లలు ఏరే మునకలకి వెళ్తానని నీ ప్రాణం తోడేస్తోందనీ తలుస్తాను. క్షేమం అన్న మాట రాసేముందు కాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను. మాట అబద్ధం కాదు. కానీ దాని వెనక ఒక సంగతి ఉంది. మొదట్లోనే రాసే ధైర్యం లేదు. నీ ప్రశ్నలన్నిటికీ జవాబులు రాసుకుంటూ పోతే చేతికి ధైర్యం వస్తుందేమో చూడాలి.

ఫోనుండగా ఉత్తరమేమిటంటావు. అమ్మమ్మకి వినపడాలని నువ్వు ఫోను ఎప్పుడూ స్పీకరులోనే పెడతావు. అల్లుడు నడుంనొప్పికి వైద్యం చేయించుకుంటున్నాడని నమ్ముతున్న మనిషి ముందు నేనేం మాట్లాడను? ఇక్కడ చూస్తే గోడవతల నాన్న. అందుకే కాగితం. చదివాక దాచెయ్యి. అమ్మమ్మకి చదువు రాకపోయినా వాసన పట్టేస్తుంది.

కమలాపండ్ల పెట్టెలో నువ్వు పెట్టిన చీటీ ముందే పెట్టుకుని రాస్తున్నాను. మొదటి ప్రశ్న, పాకిన జబ్బు ఇంకా పాకిందా అని. లేదమ్మా. ప్రోస్టేట్ గ్రంథిలో పుట్టింది, పొత్తికడుపులో దాని పక్కనున్న లింఫ్ గ్రంథుల్లో మూడింటికి చేరింది, అక్కడే ఆగి ఉంది. ఎముకల్లోకి పోలేదు. మొన్న డాక్టరు నాన్నకి బొమ్మ గీసి చూపించాడు. చిక్కుడుగింజల్లా వరసగా ఉంటాయట, ఒంట్లో పారే నీటిని వడకడతాయట. నాన్న ఆ బొమ్మని చాలాసేపు చూసి, ఇది మా స్నానశాలలో తూము మీద వేసే జల్లెడే కదా అన్నాడు. వెంట్రుకలు అందులో చిక్కుకున్నాయంటే జల్లెడ తన పని తాను చేసినట్టే, దాన్ని తిట్టడమెందుకు అని కూడా అన్నాడు. డాక్టరు కలం కింద పెట్టి నవ్వాడు. పదిహేనేళ్ళుగా ఈ సంగతి రోగులకి చెప్తున్నాననీ, రేపటినుంచి ఇలాగే చెప్తాననీ అన్నాడు.

అందుకే గ్రంథి ఒక్కదానికే కాకుండా జల్లెడలున్న మేరంతా కిరణాలు పెడుతున్నారు. హార్మోన్లని అణిచే సూదిమందు రెండేళ్ళు తప్పదు. రక్తపరీక్షలో జబ్బు జోరు చెప్పే అంకె నలభై ఒకటి ఉండేది, ఇప్పుడు రెండుకి దిగింది. నయమైపోతుందని డాక్టరు మాటివ్వలేదు. నయం చెయ్యడానికే ఇదంతా చేస్తున్నాం అన్నాడు. నాన్నకి ఆ మాట చాలు. నాకు చాలలేదు కానీ నా సంగతి నీకు తెలుసుగా, నాకేదీ చాలదు.

రెండోది ప్రశ్న కాదు, దెప్పిపొడుపు. నెలసరి ఆగినప్పుడు నీకొచ్చినట్టు ఒంట్లో ఆవిర్లు ఎగదన్నడమంటే ఏమిటో ఆయనకి ఇప్పటికైనా తెలిసొచ్చిందా అని అడగమన్నావు. అడిగాను. అన్నం మధ్యలో చొక్కా గుండీలు విప్పుకుంటూ, మీ అమ్మకి ఐదేళ్ళ కిందటే క్షమాపణ చెప్పాల్సిందే, ఆలస్యమైంది అన్నాడు. పైగా, ముప్ఫైనాలుగేళ్ళు ఆవిరిగదిలో పనిచేశాను, ఇప్పుడు ఆవిరిగదే నా వెంట తిరుగుతోంది, టిక్కెట్టు కూడా అక్కర్లేదు అన్నాడు. ఈ రెండో ముక్క నీకు రాయొద్దన్నాడు. రాశాను.

తిండి సంగతి. మూడో వారంలో కడుపు కదిలింది. డాక్టరు ముందే చెప్పాడు కాబట్టి భయపడలేదు. గంజి, గుడ్డు, తెల్లచేప. నువ్వు పంపిన సముద్రపు పాచి పీచుపదార్థమని ఇంకా విప్పలేదు. కిమ్చీ పచ్చడి కారం పోయేలా నీళ్ళలో కడిగి రెండు ముక్కలు పెడుతున్నాను. కడిగిన కిమ్చీ కంటే జబ్బే మర్యాదగా ఉంది అంటాడు. అంటూనే తింటాడు.

ఇక బస్సు. ఆసుపత్రికి గ్వాంగ్జూ దాకా గంటకు పైగా, నీళ్ళు తాగి ఎలా కూర్చుంటున్నాడని నీ బెంగ. అసలు బస్సులో తాగడు. కిరణాలు పెట్టే వేళకి మూత్రాశయం నిండుగా, పేగు ఖాళీగా ఉండాలి, అప్పుడే పక్కనున్న మంచి అవయవాలు దూరంగా జరిగి ఉంటాయి. ఒక సీసాడు నీళ్ళు, సరిగ్గా గంట ముందు. మొదటి రెండు రోజులూ తడబడ్డాడు. మూడోరోజునుంచి బస్సు దిగగానే స్టేషను గడియారం కింద నిలబడి సీసా ఎత్తుతాడు, ఆసుపత్రికి నడుచుకుంటూ పోతాడు, పేరు పిలిచే సమయానికి నిండుకుండలా ఉంటాడు. నీళ్ళ సంగతి నాకొకళ్ళు చెప్పాలా అంటాడు.

కానీ యంత్రం ఒక్కోరోజు ఆలస్యం చేస్తుంది. అప్పుడు చూడాలి బయట అందరూ కూర్చునే బల్ల. ఏడెనిమిదిమంది ముసలివాళ్ళు, అందరి చేతుల్లో ఖాళీ సీసాలు, అందరూ మోకాళ్ళు దగ్గరికి పెట్టుకుని, గోడనున్న గడియారాన్ని అప్పులవాడిని చూసినట్టు చూస్తుంటారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన కూక్ గారని ఒకాయన, ఒకరోజు నాన్న నోరు తెరవబోతుంటే చెయ్యెత్తి ఆపేశాడు. "మేంగ్ గారూ, మీకు దణ్ణం పెడతాను, నవ్వించకండి. నిన్న మీ మాటకి నవ్వి నా వంతు పోగొట్టుకున్నాను. మళ్ళీ తాగి మళ్ళీ గంట కూర్చున్నాను." నాన్న ఆరోజంతా మూతి బిగించుకుని కూర్చున్నాడు. ఆ మూతి చూసి ఇంకొకాయన లేచి పరుగెత్తాడు.

నొప్పి ఉండదా అన్నావు. ఉండదు. ఆ యంత్రం చుట్టూ తిరిగి వెళ్తుంది, అంతే. ఒంటికి ఏమీ తగలదు, వేడి కూడా ఉండదు. కష్టం ఎక్కడంటే కదలకుండా పడుకోవడంలో. మొదటిరోజు ఏం జరిగిందో నీకు చెప్పలేదు, నాన్న సిగ్గుపడ్డాడని. ఇప్పుడు చెప్తాను. కిరణాల గదిలో నాన్నని బల్ల మీద సర్దేది తాక్ సోన్‌యంగ్ అనే అమ్మాయి. నాకంటే మూడేళ్ళు పెద్దదేమో. ఇంకో అబ్బాయితో కలిసి పది నిమిషాలు కష్టపడి నాన్న ఒంటి మీది గీతల్నీ గోడల్నుంచి పడే ఎర్రటి వెలుగు గీతల్నీ కలిపింది. కలిపాక, ఇక మేం బయటికి వెళ్తున్నామని చెప్పడానికి బల్ల అంచు మీద రెండుసార్లు తట్టింది.

నాన్న బోర్లా తిరిగిపోయాడు.

స్నానశాలలో ముప్ఫైనాలుగేళ్ళు ఆ రెండు దెబ్బలు కొట్టినవాడు కదమ్మా. ఒళ్ళు రుద్దేవాడు బల్ల మీద రెండు తడితే పడుకున్నవాడు తిరగాలి. మాట అక్కర్లేదు. తనని బల్ల మీద పడుకోబెట్టి ఎవరో తట్టేసరికి స్నానశాలకి రోజూ వచ్చేవాడిలా టక్కున తిరిగేశాడు. తాక్ సోన్‌యంగ్ బయటికొచ్చి నన్నడిగింది, నాన్నగారేం పని చేస్తారని. చెప్పాను. గోడకి ఆనుకుని నవ్వింది. మర్నాటినుంచి తట్టడం మానేసి, "నాన్నగారూ, వెళ్తున్నామండీ" అని నోటితో చెప్పడం మొదలుపెట్టింది.

నాన్న కూడా ఆమెకొకటి నేర్పాడు. చేతులు చల్లగా ఉన్నాయమ్మా, చల్లటి చెయ్యి పడితే ఒళ్ళు తెలియకుండానే బిగుసుకుంటుంది, బిగుసుకున్న ఒళ్ళు కొలతకి నిలవదు, వేణ్ణీళ్ళలో ఒక్క నిమిషం పెట్టి రా అన్నాడట. ఇప్పుడు ఆ గదిలో పనిచేసే నలుగురూ చేతులు వేణ్ణీళ్ళలో పెట్టుకునే వస్తారు. కూక్ గారు ఈమధ్య గది వెచ్చబడిందేమిటి అని అడిగాడు. నాన్న ఏమీ ఎరగనట్టు గడియారం వైపు చూశాడు. అమ్మా, ఈ నెలన్నరలో నేను నాన్నని చూసినంత ఇరవైఐదేళ్ళలో చూడలేదు. నాన్న పని మగవాళ్ళ గదిలో, తలుపవతల. నాకు తెలిసింది ఉబ్బిన వేళ్ళూ, సబ్బు వాసనా. స్కూల్లో మీ నాన్నేం చేస్తాడంటే వ్యాపారమని చెప్పేదాన్ని. ఆ చేతులకి అంత చదువుందని ఇప్పుడు తెలిసింది.

గీతల సంగతి చెప్పాలి, అసలు సంగతి అక్కడే ఉంది కాబట్టి. బొడ్డు కింద ఒకటి, నడుముకి అటూ ఇటూ ఒక్కొక్కటి, కూడిక గుర్తుల్లా మూడు, ఊదారంగు సిరాతో. ఆ మూడూ వైద్యం అయ్యేదాకా ఉండాలి. నీళ్ళు పోసుకోవచ్చు, రుద్దకూడదు, తొట్టిలో నానకూడదు. మొదటిరోజు తాక్ సోన్‌యంగ్ ఇంకొకటి కూడా చెప్పింది. చెరిగిపోతే మాకు చెప్పండి, మీరు మాత్రం దిద్దకండి అని. రెండోసారి నా వైపు చూసి చెప్పింది.

రుద్దకూడదంటే నాన్నకి ఎంత శిక్షో నీకు చెప్పక్కర్లేదు. నానకుండా బల్లెక్కినవాడిని ఎవరైనా సరే దింపి పంపేసేవాడు. అలాంటిది తను రోజూ మట్టి పట్టిన ఒంటితో ఇంకొకరి బల్ల ఎక్కాలి. ఆసుపత్రికి వెళ్ళినప్పుడల్లా చొక్కా తియ్యడానికి మొహమాటపడేవాడు. ఈ పిల్లలు నన్ను ఏమనుకుంటున్నారో అని నాలుగైదుసార్లు అన్నాడు నాతో. నేను పట్టించుకోలేదు.

చాంద్రమాన కొత్త సంవత్సరం ముందురోజొచ్చింది. ఆసుపత్రి నాలుగు రోజులు సెలవు. ఇరవైఎనిమిదిలో పందొమ్మిది విడతలు పూర్తయ్యాయి. ఆ రోజు ఊరంతా స్నానశాలకి పోతుంది, పాత ఏడు మట్టి కొత్త ఏట్లోకి మోసుకెళ్ళకూడదని. నాన్నకి ఏడాది మొత్తంలో అది పెద్దరోజు. ఈసారి పని లేదు కాబట్టి ఊరికే చూసొస్తానని వెళ్ళాడు. నాన్న బల్ల దగ్గర పెట్టిన కొత్తవాడు ఎవరి వీపునో చాకిరేవు బండలా బాదుతున్నాడట. చూడలేక ఒక మూల ముక్కాలిపీట వేసుకుని కూర్చుని, నీళ్ళు మాత్రం పోసుకుంటూ, ఒళ్ళు రుద్దే ఆకుపచ్చ గరుకు తొడుగు చేతికేసుకుని తనని తనే రుద్దుకున్నాడు. గీతల్ని ఒదిలి, వాటి చుట్టూ వేలెడు గట్టు వదిలి. వెంట్రుక పక్కనుంచి కూడా వెంట్రుక కదలకుండా పోనివ్వగలను అని ఎప్పుడూ అంటాడు చూడు, అలాగ.

ఒలిచిన వెల్లుల్లిరెబ్బలా ఇంటికొచ్చాడు. నెల రోజుల్లో అంత తేలిగ్గా అడుగులు వెయ్యడం చూడలేదు. చొక్కా ఎత్తి, "చూడవే, గీతలున్నాయా? పక్కవి నాకు కనబడవు" అన్నాడు.

చూశాను. బొడ్డు కిందిది చెక్కుచెదరలేదు. దాని చుట్టూ వదిలిన గట్టు చూస్తే పొలానికి హద్దు తీసినట్టుంది. కుడివైపుదీ ఉంది. ఎడమవైపుది లేదు. కుడిచేత్తో రుద్దేవాడు కదా, చూపందని ఎడమపక్కకి బలం ఎక్కువ పడింది. అక్కడ చర్మం ఎర్రగా, నున్నగా, బోసిగా ఉంది.

"ఉన్నాయి. మూడూ ఉన్నాయి" అన్నాను.

ఇదమ్మా, నేను మొదట్లో రాయలేనన్నది.

ఎందుకన్నానో కూడా రాయాలి. నాన్న సంతోషం చెడగొట్టలేక అని రాస్తే నువ్వు నమ్ముతావు, నాక్కూడా మంచిగా ఉంటుంది. నిజం అది కాదు. వైద్యం ఇరవైమూడో తేదీ శుక్రవారంతో అయిపోవాలి. ఇరవైఆరు సోమవారం నేను గాంగ్వన్ కొండల్లో సొరంగం కొలతల జట్టులో చేరాలి. ఏడాదిగా తిరిగితే దొరికిన పని. గీత పోయిందంటే మళ్ళీ మొదటినుంచి కొలతలు తీస్తారేమో, వారం పోతుందేమో, నా సోమవారం పోతుందేమో. ఆ బోసి చర్మం చూసినప్పుడు నాకు ముందు గుర్తొచ్చింది నాన్న కాదు. ఆ సోమవారం.

మర్నాడు పండుగ. పెద్దలకి మొక్కి, బియ్యపు ముద్దల పులుసు తాగి, ఒక ఏడు పెద్దవాళ్ళమయ్యామని ఒకరినొకరు ఎగతాళి చేసుకున్నాక నాన్న వెచ్చటి నేల మీద కుడిపక్కకి తిరిగి పడుకుని టీవీలో కుస్తీ చూస్తున్నాడు. రుద్దినచోట చర్మం పొడిబారింది, నూనె రాస్తానన్నాను. నా దగ్గర మొదటివారంలో నీకు పంపడానికి తీసిన ఫొటో ఉంది. ఆ గీతకి బెత్తెడు పైన పుట్టుమచ్చ ఉంది, అది నాకు సర్వేరాయి లాంటి గుర్తు. నేను కొలతల చదువు చదివినదాన్ని. రెండు కొండల మధ్య దూరం తియ్యగలిగినదాన్ని నాన్న నడుం మీద నాలుగంగుళాలు తియ్యలేనా అనుకున్నాను. టేపుతో కొలిచి, ఊదారంగు సిరా కలంతో గీశాను. తిన్నగా వచ్చింది. నాకు గర్వంగా కూడా అనిపించింది, అమ్మా. అది కూడా రాయాలి.

నాన్న టీవీ మీంచి కళ్ళు తిప్పలేదు. చల్లగా ఉంది నూనె అన్నాడు, అంతే.

సెలవులయ్యాక పదమూడో తేదీన వెళ్ళాం. బయట బల్ల నిండా మనుషులు, అందరూ నిండుకుండలే, నాలుగు రోజుల తర్వాత మొదటిరోజు కాబట్టి అప్పటికే ఆలస్యం. నాన్న లోపలికెళ్ళి పావుగంటైంది, ఇరవై నిమిషాలైంది. కూక్ గారు లేచి నిలబడి, కూర్చుని, మళ్ళీ నిలబడ్డాడు. తాక్ సోన్‌యంగ్ తలుపు తీసి నన్ను లోపలికి పిలిచింది. నాన్న ఆసుపత్రి అంగీతో బల్ల అంచున కూర్చుని ఉన్నాడు. ఆమె నెమ్మదిగానే అడిగింది.

"నాన్నగారూ, ఎడమవైపు గీత ఎవరు గీశారు?"

నాన్న నా వైపు ఒక్కసారి చూశాడు. చర్మం సంగతి తెలిసినవాడు కదా. పండుగరోజు తన నడుం మీద పోయింది నూనె వేలు కాదని, కలం మొన అని ఆ ఒక్క క్షణంలో అర్థమైపోయింది. ఆమె వైపు తిరిగి, "నేనే. రుద్దుకుంటుంటే పోయింది. అద్దంలో చూసుకుని గీసుకున్నాను" అన్నాడు.

"అద్దంలో చూసి గీస్తే ఇంత తిన్నగా రాదు నాన్నగారూ. ఇది గీతలు గీసి అలవాటున్న చెయ్యి."

నాన్న, "ముప్ఫైనాలుగేళ్ళ చెయ్యి ఇది" అని అరచెయ్యి చూపించాడు. నేను నోరు తెరవలేదు. నేలవైపు చూస్తూ నిలబడ్డాను. అబద్ధమాడినరోజు కంటే ఆ నిలబడ్డమే నాకు ఎక్కువ గుర్తుంటుంది.

ఆరోజు కిరణాలు పెట్టలేదు. భయపడకు, తప్పుచోట ఒక్క చుక్క కూడా పడలేదు. రోజూ మొదలుపెట్టే ముందు ఒక ఫొటో తీసి లోపలి ఎముకలు సరిపోతున్నాయో లేదో చూస్తారు. సరిపోలేదు. సరిపోకపోతే బల్ల కాస్త జరిపి పని కానిచ్చెయ్యొచ్చేమో, బయట అంతమంది కాళ్ళు బిగపట్టుకుని కూర్చున్నారు. ఆమె ఆపేసింది. గీత మీద వేలు పెట్టి, సిరా మెరుపు వేరుగా ఉందని చూసి, డాక్టరుని పిలిచింది. మళ్ళీ కొలతల స్కాను తీసి, మూడు గీతలూ కొత్తగా గీసి, పదిహేనో తేదీనుంచి మొదలుపెడదామన్నాడు డాక్టరు. రెండు రోజులు పోయాయి.

తిరుగు బస్సులో నాన్న కిటికీ పక్కన కూర్చున్నాడు. బస్సు నాజూ ఊరు దాటింది. అక్కడ నేనే, "నేను చెప్పేస్తాను నాన్నా" అన్నాను.

"ఎవరికి?"

"ఆమెకి. రేపు."

"చెప్పు మరి" అన్నాడు. మళ్ళీ తనే, "మీ అమ్మకి మాత్రం వద్దు. ఓడెక్కి వచ్చేస్తుంది. అక్కడ ముసలావిడ మంచం దిగి సముద్రంలో పడుతుంది" అన్నాడు. కొట్టినా బాగుండేది. తనేమో కమలాపండు ఒలిచి సగం నాకిచ్చాడు.

పద్నాలుగున స్కాను తీస్తుండగా తాక్ సోన్‌యంగ్‌ని నడవాలో ఆపి మొత్తం చెప్పాను. సోమవారం సంగతి కూడా. ఆమెకి తెలుసు, గీత చూడగానే తెలుసు. ఎంత తేడా వచ్చిందని అడిగాను. పదకొండు మిల్లీమీటర్లట. నా లెక్క తప్పలేదని ఫొటో చూపించి వాదించబోయాను, అప్పుడు కూడా. నాన్నగారు ఎలా పడుకుని ఉండగా గీశారని అడిగింది. కుడిపక్కకి తిరిగి అన్నాను. మేం గీసింది వెల్లకిలా పడుకున్నప్పుడు అంది. నేల కదలదమ్మా, ఒళ్ళు కదులుతుంది. పక్కకి తిరిగితే చర్మం ఎముక మీంచి జారుతుంది, పుట్టుమచ్చ కూడా దాంతోపాటే జారుతుంది. అది నాకే పుస్తకంలోనూ లేదు. రెండు దెబ్బలు తట్టి మనుషుల్ని తిప్పే నాన్నని అడిగి ఉంటే ఒక్క ముక్కలో చెప్పేవాడు.

తర్వాత ఆమె అన్న మాట మాత్రం నీకు ఉన్నదున్నట్టు రాస్తాను. "ఒక గీత పోతే మాకు పది నిమిషాల పని. మిగతా రెండూ ఉన్నాయి కదా, వాటిని బట్టి గీసేస్తాం. లేని గీత ఉన్నట్టు కనబడితేనే కష్టం. అప్పుడు మిగతా రెంటినీ కూడా నమ్మలేం."

కోపంగా అనలేదు. చేతులు తుడుచుకుంటూ అంది, వేణ్ణీళ్ళలోంచి అప్పుడే తీసినట్టున్నాయి. పది నిమిషాలు, అమ్మా. ఉన్నది ఉన్నట్టు చెప్పి ఉంటే నాన్నకి రెండు రోజులు పోయేవి కావు. నా సోమవారం కూడా పోయేది కాదు.

పోయింది. వైద్యం ఇరవైఏడున పూర్తవుతుంది. జట్టు పెద్దకి ఫోను చేశాను. సొరంగం పని ఎవరికోసమూ ఆగదన్నాడు, మే నెలలో వెళ్ళే జట్టుకి పేరు రాసుకుంటానన్నాడు. నాకు బాధ లేదని రాయను. మొక్పోలో ఇంకో మూడు నెలలంటే నాకు కాళ్ళు ఇప్పుడే దురద పెడుతున్నాయి. నాన్న ఆ సంగతి విని, స్నానశాల నడిపే ఓక్ పిన్ని ఆడవాళ్ళ వైపు ఒళ్ళు రుద్దే మనిషి కావాలంటోంది, పోతావా అన్నాడు. హాస్యమేనని అనుకుంటున్నాను. తొడుగు ఒకటి నా బల్ల మీద పెట్టి ఉంది.

పదిహేను నుంచి అంతా సవ్యంగా సాగుతోంది. ఇవాళ్టితో ఇరవైనాలుగు విడతలయ్యాయి, ఇంకా నాలుగు. నాన్న అలిసిపోతున్నాడు, ఇంటికి రాగానే నిద్రపోతాడు. మూత్రానికి తరచుగా లేస్తున్నాడు, కాస్త మంట. కొన్ని వారాల్లో తగ్గుతుందన్నారు. ఇరవైఎనిమిదో విడత అయ్యాక ఆ గదిలో వాళ్ళకి ఏమివ్వాలా అని ఆలోచిస్తున్నాడు. ఆసుపత్రివాళ్ళు ఏమీ తీసుకోరని చెప్పాను. ఒకళ్ళ వీపు రుద్దితే అది ఇవ్వడం కిందకి రాదుగా అన్నాడు. వద్దు నాన్నా అన్నాను. కనీసం కూక్ గారి వీపు రుద్దుతాడట, ఇద్దరి గీతలూ పోయాక.

ఇక చివరి సంగతి. అబద్ధం బయటపడిన రోజునుంచి నాన్న ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. తిట్టలేదు, ఓదార్చలేదు. కానీ రోజూ సాయంత్రం వేణ్ణీళ్ళు పోసుకుని వచ్చి, నా ముందు నిలబడి చొక్కా ఎత్తుతాడు. అదే మాట. "చూడవే, గీతలున్నాయా?" నేను ఒకసారి అబద్ధం చెప్పిన ప్రశ్నే. వేరే ఎవర్నీ అడగడు. ఓక్ పిన్ని మొగుడు ఉన్నాడు, పక్కింటాయన ఉన్నాడు. అద్దం కూడా ఉంది. నన్నే అడుగుతాడు. నేను ఉన్నాయంటే చాలు, మళ్ళీ చూసుకోకుండా చొక్కా దించేసుకుంటాడు.

ఇవాళ వంగి, దీపం దగ్గరికి తిప్పి, చాలాసేపు చూశాను. కుడివైపుదీ బొడ్డు కిందిదీ బాగున్నాయి. ఎడమవైపుది ఒక మూల పల్చబడింది.

"ఎడమవైపుది చెరుగుతోంది నాన్నా. రేపు వాళ్ళకి చెప్పాలి" అన్నాను.

"చెప్పు" అన్నాడు, చొక్కా దించుకుంటూ. "నాకు కనబడనివైపు నువ్వున్నావు కదా."

అమ్మమ్మకి నా ముద్దులు. ఈ ఉత్తరం చదివి నువ్వు ఓడెక్కొద్దు. నాలుగు రోజులే, నేను చూసుకుంటాను. ఈసారి నమ్ము.

ఇట్లు,
ఒక్కగానొక్క నీ కూతురు,
హేరిమ్